గేరు మారింది... కాలు మారలేదు

మొన్న వేసవి సెలవులకు మా అక్క కొడుకు నరసరావుపేట వచ్చాడు. ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం అయిపోయింది. గేర్ల బండికి ఎల్‌ఎల్‌ఆర్ కూడా తెచ్చుకున్నాడు. వచ్చిన సాయంత్రమే వాడి కళ్లు వసారాలో ఓ మూల నిలబెట్టి ఉన్న మా నాన్న స్ప్లెండర్ మీద పడ్డాయి.

‘‘తాతయ్యా, రేపు ఈ బండి తీసుకుని కోటప్పకొండ వెళ్లొద్దాం. నేను నడుపుతా, అమ్మమ్మను వెనక కూర్చోబెట్టుకుంటా.’’

పేపరు చదువుకుంటున్న నాన్న తలెత్తకుండానే అడిగాడు.

‘‘గేర్ల బండి ఎప్పుడైనా నడిపావా?’’

‘‘ఏడాది నుంచి అమ్మ స్కూటీ నడుపుతున్నానుగా. దానికీ దీనికీ పెద్ద తేడా ఏముంది? కాలితో గేర్లు వెయ్యడమేగా. ఫోన్లో వీడియోలు చూశా.’’

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. నాన్న పేపరు మడిచి పక్కన పెట్టాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ‘‘పొద్దున్నే ఆరింటికి హైస్కూలు గ్రౌండుకు రా. కొండ సంగతి తర్వాత చూద్దాం’’ అని లేచి లోపలికి వెళ్లిపోయాడు.

మావాడు నా వంక చూశాడు. ‘‘మామయ్యా, తాతయ్యకు కోపం వచ్చిందా?’’

కోపం కాదని నాకు తెలుసు. కానీ అది ఏమిటో నాకూ తెలియదు. తెలుసుకోవడానికి ఇరవై ఏళ్ల పైనే పట్టిందని మర్నాడు పొద్దున గానీ అర్థం కాలేదు.

కుడి కాలి గేరు

మా నాన్న కరెంటు డిపార్టుమెంటులో పనిచేశాడు. రొంపిచర్ల, నకరికల్లు, ముప్పాళ్ల... గాలీవానా వచ్చిందంటే అర్ధరాత్రి అయినా సరే, తలుపు కొట్టేవాళ్లు. నాన్న లేచి చొక్కా తొడుక్కునేవాడు. మరుక్షణం వీధంతా లేచేది. ఎందుకంటే ఆయనది బుల్లెట్. 1985లో ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండులో కొన్నాడు.

ఈ తరం పిల్లలకు ఆ బండి స్టార్ట్ చేయడమే ఒక వింత. తాళం తిప్పగానే మీటరు పక్కన ఉండే ఆంపియర్ ముల్లు కదిలేది. కిక్కును మెల్లగా నొక్కుతూ, ముల్లు మధ్యలోకి వచ్చేదాకా చూసి, హ్యాండిల్ దగ్గరున్న చిన్న డీకంప్రెషన్ లివరు పట్టి పిస్టన్‌ను కాస్త దాటించి, అప్పుడు లివరు వదిలేసి నిండుగా ఒక్క తొక్కు తొక్కాలి. సరిగ్గా కుదిరితే ‘డగ్... డగ్... డగ్’. కుదరకపోతే కిక్కు వెనక్కి తన్నేది. మా బాబాయి ఒకసారి తొందరపడి తొక్కి వారం రోజులు కుంటాడు.

ఆ బండికి ఇంకో ప్రత్యేకత ఉంది. దాని గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి. ఇప్పటి బండ్లకు పూర్తిగా తిరగేసి అన్నమాట. మొదటి గేరు పైకి, మిగతా మూడూ కిందికి. మడమతో నొక్కడానికి మరో చిన్న లివరు ఉండేది. రెండు, మూడు, నాలుగు... ఏ గేరులో ఉన్నా దాన్ని ఒక్క నొక్కు నొక్కితే నేరుగా న్యూట్రల్‌కు వచ్చేసేది.

బుల్లెట్ పుట్టిల్లు ఇంగ్లండు. అక్కడి కంపెనీలు చాలావరకు గేరును కుడి కాలికే పెట్టేవి. 1955లో మద్రాసు శివార్లలోని తిరువొత్తియూరులో మనవాళ్లు బుల్లెట్ తయారీ మొదలుపెట్టినప్పుడు ఆ పద్ధతే మనకూ వచ్చింది. జపాను కంపెనీలు మాత్రం గేరును ఎడమ కాలికి పెట్టాయి. రెండు రకాలూ రోడ్డు మీద తిరుగుతుంటే ఒక బండి అలవాటైనవాళ్లు రెండో బండి మీద తడబడతారు కదా! అందుకే అమెరికా 1974లో ఒక నిబంధన అమల్లోకి తెచ్చింది. తమ దేశంలో అమ్మే ప్రతి మోటారుసైకిల్‌కూ గేరు ఎడమ కాలికి, బ్రేకు కుడి కాలికి ఉండి తీరాలని చెప్పింది. అంత పెద్ద మార్కెట్ పోగొట్టుకోలేక ఇంగ్లండు కంపెనీలు కూడా దారి మార్చుకున్నాయి. మన బుల్లెట్ మాత్రం ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు పాత పద్ధతిలోనే నడిచింది. 2000 దశకంలో గానీ మెల్లమెల్లగా ఎడమవైపుకు మారలేదు.

ఇదంతా నేను విలేకరినయ్యాక తెలుసుకున్న సంగతి. నాన్నకు ఈ చరిత్రతో పనిలేదు. పందొమ్మిదేళ్లు ఆయన కుడి కాలు గేర్లు మార్చింది, ఎడమ కాలు బ్రేకు తొక్కింది. అంతే.

ఏ బండిని నమ్మాలి?

మా వీధి చివర షెడ్డులో ఒక మెకానిక్ మామ ఉండేవాడు. ఏ బండి మంచిదని ఎవరైనా అడిగితే ‘‘నువ్వెవరో చెప్పు, ఏ బండో చెబుతా’’ అనేవాడు. పాలక్యాన్లు మోసేవాళ్లకు రాజ్‌దూత్ అనేవాడు. అది టూ స్ట్రోక్. వాల్వులు, టాపెట్ల గొడవే లేదు. ఇంజనులో సామాన్లు తక్కువ కాబట్టి విప్పడం తేలిక, బిగించడం తేలిక. కాకపోతే పెట్రోలులో ఆయిల్ కలిపి పోయాలి, సైలెన్సరులో పేరుకున్న మసిని అప్పుడప్పుడు గీకించాలి. కుర్రాళ్లు మాత్రం 1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100 తప్ప మరోదాని వైపు చూసేవాళ్లు కాదు. 1996లో దాని తయారీ ఆగిపోయినా ఇప్పటికీ మంచి కండిషన్లో ఉన్నది కనిపిస్తే ఎగబడి కొనేవాళ్లున్నారు.

సంసారులకు మామ చెప్పేది ఒకటే... హీరో హోండా. ఆ కంపెనీ సీడీ 100 వచ్చింది కూడా 1985లోనే. పెట్రోలు పోయించి, మూత బిగించి, ఇక బండి సంగతి మరిచిపొమ్మని ప్రకటన ఇచ్చేవాళ్లు. ఫోర్ స్ట్రోక్ ఇంజను, పెట్రోలులో ఆయిల్ కలిపే పనిలేదు, మైలేజీ ఎక్కువ. 1994లో అదే ఇంజనుతో స్ప్లెండర్ వచ్చింది. జపాను భాగస్వామి విడిపోయాక 2011లో కంపెనీ పేరు హీరో మోటోకార్ప్‌గా మారింది గానీ, స్ప్లెండర్ పేరు మారలేదు.

‘‘చెడిపోని బండి ఉండదు అబ్బాయ్’’ అనేవాడు మామ. ‘‘చెడిపోతే ఈ సందులో బాగు చేసేవాడు, ఆ బజారులో సామాను దొరకాలి. అప్పుడే దాన్ని నమ్మొచ్చు.’’

ఆ లెక్కన బుల్లెట్‌ను నమ్మొచ్చు. కానీ దానికి సేవ చేయాలి. టాపెట్లు సరిచూడాలి, పాయింట్లు శుభ్రం చేయాలి, ఇంజనుకొక ఆయిలు, గేరుబాక్సుకు మరొకటి. ఆదివారం వస్తే నాన్న ఒంటికి ఎంత నూనె రాసుకునేవాడో తెలియదు గానీ, బండికి మాత్రం తప్పకుండా రాసేవాడు. వయసు యాభైకి దగ్గరపడింది. కిక్కు కొట్టీ కొట్టీ మోకాలు నొప్పి. పెట్రోలు ధర పెరిగింది. బుల్లెట్ లీటరుకు ముప్పై అయిదు ఇస్తుంటే, పక్కింటాయన స్ప్లెండర్ అరవై దాటి ఇస్తోంది. 2004లో నాన్న బుల్లెట్ అమ్మేసి స్ప్లెండర్ కొన్నాడు. అప్పుడు నేను పదో తరగతి.

కొత్త బండికి కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి, అమ్మ ఎర్రనీళ్లు దిష్టి తీసింది. వీధిలో రెండు చక్కర్లు కొట్టి వచ్చి నాన్న నవ్వాడు. ‘‘ఇదేం బండే... కుట్టుమిషను తొక్కినట్టుంది!’’

ఆ మాట అమ్మతో అనడానికి కారణముంది. అమ్మ జాకెట్లు కుట్టేది. మా వీధిలో పెళ్లంటే పెళ్లికూతురి జాకెట్లు అమ్మ మిషను మీదే. మా అక్క కాలేజీ ఫీజులో సగం ఆ మిషనుదే.

గేదె అడ్డం వచ్చింది

బండి కొన్న మూడో వారం. కార్తీక సోమవారం. అమ్మ, నాన్న కోటప్పకొండకు బయల్దేరారు. అమ్మ వెనక ఓ పక్కకు కూర్చుంది, ఒళ్లో కొబ్బరికాయల సంచి.

రెండు గంటల తర్వాత ఎవరో ఆటోలో వచ్చి చెప్పారు. ‘‘గేదె అడ్డం వచ్చిందంట. మీ నాన్నకేం కాలేదు. అమ్మకే చెయ్యి...’’

అమ్మ ఎడమ మణికట్టు రెండుచోట్ల విరిగింది. ప్లేటు వేశారు. కట్టు విప్పాక ఎముక అతికింది గానీ, మణికట్టు మునుపటిలా వంగలేదు. చపాతీపిండి కలపడానికి, బిందె ఎత్తడానికి ఎలాగో అలవాటు పడింది. మిషను మీద మాత్రం గుడ్డను సూది కిందికి నెట్టి తిప్పాల్సింది ఎడమ చెయ్యే కదా... కుట్టు వంకర పోయేది. ఆరు నెలలు ప్రయత్నించింది. తర్వాత మిషను మీద దుప్పటి కప్పేసింది.

చూడటానికి వచ్చిన ప్రతివాళ్లకూ ఇంట్లో ఒకటే మాట... ‘‘గేదె అడ్డం వచ్చింది.’’ నాన్న కూడా అదే చెప్పేవాడు. తర్వాత తర్వాత చెప్పడం కూడా మానేశాడు. అప్పటి నుంచి అమ్మ ఎక్కడికి వెళ్లాలన్నా ఆటోనే. నాన్న స్ప్లెండర్ వెనక సీటు మీద అమ్మ మళ్లీ కూర్చోవడం నేను చూడలేదు.

నాకు బండి నేర్పమని అడిగితే ‘‘మెకానిక్ మామ దగ్గరికి పో’’ అన్నాడు నాన్న.

నా కాలూ తడబడింది

మామ నాకు గేర్లు నేర్పింది షెడ్డు ముందు, సెంటర్ స్టాండు మీద. ‘‘లోపల గేర్ల చక్రాలు ఎప్పుడూ ఒకదాంతో ఒకటి కలిసే తిరుగుతుంటాయిరా. నువ్వు లివరు తొక్కినప్పుడు ఏ జతకు బలం అందాలో మారుతుంది, అంతే. చక్రం పక్కనున్న పళ్లు అవతలిదాని సందుల్లోకి పూర్తిగా దిగాలి. సగం తొక్కితే సగమే దిగుతాయి. అప్పుడే గేరు ఎగిరి బయటికొస్తుంది. తొక్కితే పూర్తిగా తొక్కు. తొక్కాక కాలు తీసెయ్. లివరు మీద కాలు పెట్టి నిద్రపోబాకు!’’

ఆ నాలుగు ముక్కలే ఇప్పటికీ నాకు పాఠం. క్లచ్ పూర్తిగా పట్టడం, యాక్సిలేటరు తగ్గించడం, ఒక్క తొక్కు, క్లచ్‌ను మెల్లగా వదలడం. సగం క్లచ్ పట్టుకుని బండి నడిపితే లోపల ప్లేట్లు అరిగిపోతాయి. వాలు దిగేటప్పుడు పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్ చేస్తే ఇంజను పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. అందుకే ఘాట్ రోడ్డు మీద చిన్న గేరులోనే దిగమంటారు. మన ఫోర్ స్ట్రోక్ బండ్లలో చాలావాటికి ఇంజనుకు, గేర్లకు, క్లచ్‌కు ఒకే ఆయిల్. చవగ్గా వచ్చిందని కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారే ప్రమాదముంది.

స్ప్లెండర్‌కు గేర్లన్నీ ముందుకే. న్యూట్రల్ నుంచి వేళ్లతో ఒక్కో తొక్కు తొక్కుతూ పోతే ఒకటి, రెండు, మూడు, నాలుగు. తగ్గించాలంటే మడమతో వెనక్కి. మూడు నెలల్లో అది నా కాలికి పట్టేసింది. గేరు మారుస్తున్నానన్న ధ్యాసే ఉండేది కాదు.

కొన్నేళ్ల తర్వాత జర్నలిజం డిప్లొమా చదవడానికి హైదరాబాద్ వచ్చాను. రూమ్మేటుకు పల్సర్ ఉండేది. ఒకరోజు అడిగి తీసుకున్నాను. దానికి మొదటి గేరు కిందికి, మిగతావన్నీ పైకి. వాడు చెప్పాడు, నేను తలూపాను. తెలియని విషయమా ఏంటి!

లక్డీకాపూల్ సిగ్నల్ దాటాక రెండో గేరులో వేగం అందుకుంది. మూడోది వేద్దామనుకున్నాను. అనుకున్నానో లేదో, నా కాలు స్ప్లెండర్ మీద ఉన్నట్టే వేళ్లతో కిందికి తొక్కేసింది. మూడో గేరు పడాల్సింది పోయి మొదటి గేరు పడింది. క్లచ్ వదలగానే ఇంజను ఒక్క అరుపు అరిచింది, వెనక చక్రం బిగుసుకుని పక్కకు జారింది. వెనకాల వస్తున్న సిటీ బస్సు డ్రైవరు బ్రేకు వేసి నన్ను తిట్టిన తిట్టు ఇక్కడ రాయలేను. బతికిపోయాను. తప్పు బండిది కాదు, కాలిది.

ఆ తర్వాత ఆఫీసులో ఎవరితోనైనా బండ్ల గురించి మాట్లాడితే నవ్వుకోవడానికి ఆ కథ చెబుతుంటాను. నాన్నకు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. ఎందుకో చెప్పాలనిపించలేదు.

గ్రౌండులో పాఠం

మర్నాడు ఆరింటికి గ్రౌండుకు వెళ్లేసరికి నాన్న అప్పటికే అక్కడున్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి. బండిని సెంటర్ స్టాండు వేసి, టైర్లలో గాలి, చెయిను చూస్తున్నాడు. ‘‘చెయిను మరీ బిగువుండకూడదు, మరీ వదులుండకూడదు. వేలితో పైకీ కిందికీ ఆడిస్తే ఇరవై, ముప్పై మిల్లీమీటర్లు ఆడాలి. కంపెనీవాళ్లిచ్చిన పుస్తకంలో ఉంటుంది, చూసుకో’’ అని మనవడికి చూపించాడు. ఆ బండికి 2019లో పదిహేనేళ్లు నిండితే రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాడు. 2024లో మళ్లీ చేయించాడు. ఈ ఇరవై ఏళ్లలో అది ఆయన్ని దారిలో నిలబెట్టిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆయిల్ సమయానికి మార్చడం, ఎయిర్ ఫిల్టరు శుభ్రం చేయించడం, వింత శబ్దం వస్తే ఆరోజే షెడ్డుకు తీసుకెళ్లడం... బుల్లెట్‌కు చేసిన సేవంతా దీనికీ చేశాడు. దీనికి అంత అవసరం లేకపోయినా!

‘‘ఎక్కు. ఇంజను వేయొద్దు. కళ్లు మూసుకో. బ్రేకు ఎక్కడుందో చూపించు.’’

మావాడు నవ్వుతూ కళ్లు మూసుకున్నాడు. వాడి ఎడమ చెయ్యి టక్కున లివరు పట్టుకుంది.

‘‘అది క్లచ్చు’’ అన్నాడు నాన్న.

మావాడి నవ్వు ఆగింది. నాకు కూడా ఒక్కసారి ఒళ్లు జలదరించింది. నిజమే కదా! గేర్లు లేని స్కూటర్‌కు రెండు బ్రేకులూ చేతులకే. కుడి చేతికి ముందు బ్రేకు, ఎడమ చేతికి వెనక బ్రేకు. వెనక్కి ఆపాలనుకుంటే వాడి ఎడమ చెయ్యి మూసుకుంటుంది. మోటారుసైకిల్ మీద అదే పని చేస్తే... క్లచ్ పడుతుంది. ఇంజనుకు, చక్రానికి సంబంధం తెగిపోతుంది. బండి ఆగదు సరికదా, ఇంకా తేలిగ్గా దొర్లుతుంది.

దీనికి ఎదురు అనుభవం నాకుంది. మా ఆవిడ స్కూటరు మొదటిసారి నడిపినప్పుడు, వేగం అందుకోగానే నా ఎడమ చెయ్యి అలవాటుగా క్లచ్ పట్టబోయింది. బ్రేకు పడి, వెనక కూర్చున్న మా ఆవిడ నుదురు నా హెల్మెట్‌కు తగిలింది. కూరగాయల సంచి రోడ్డు మీద పడింది. 1984లో కైనెటిక్ హోండా వచ్చినప్పుడు, 2001లో యాక్టివా వచ్చినప్పుడు గేర్ల బండి నుంచి వాటికి మారిన ఎంతమంది ఇలా ఉలిక్కిపడి ఉంటారో! వాళ్లది బ్రేకు అనవసరంగా పడే ఇబ్బంది. ఇప్పటి పిల్లలది అవసరానికి బ్రేకు పడని ఇబ్బంది. వాళ్లు మొదట నేర్చుకునేదే స్కూటీ మరి.

నాన్న మనవడితో అదే పని ఇరవైసార్లు చేయించాడు. కళ్లు మూసుకుని... బ్రేకు అనగానే కుడి చెయ్యి, కుడి కాలు. క్లచ్ అనగానే ఎడమ చెయ్యి. గేరు అనగానే ఎడమ కాలు. తర్వాత ఇంజను వేసి, మొదటి గేరులో గ్రౌండు చుట్టూ. ఆ తర్వాత రెండోది. మధ్యలో హఠాత్తుగా ‘‘ఆగు!’’ అని అరిచేవాడు. మొదటిసారి మావాడు ఎడమ చెయ్యి మాత్రమే బిగించాడు. బండి జామాయిల్ చెట్ల దాకా దొర్లుకుంటూ పోయింది. ఎనిమిదోసారికి గానీ సరిగ్గా ఆపలేదు.

గంటన్నర అయ్యాక గట్టు మీద కూర్చున్నాం. అమ్మ ఫ్లాస్కులో టీ పోసుకుని తీసుకొచ్చింది. పాఠం ఎలా ఉందో చూద్దామని వచ్చానంది.

‘‘మూడు రోజులు ఇక్కడే తిప్పు’’ అన్నాడు నాన్న. ‘‘తర్వాత వారం రోజులు, తెల్లవారుజామున, మామయ్యతో కలిసి ఊరి బయట రోడ్డు మీద. నెల దాటేదాకా వెనక ఎవరినీ ఎక్కించుకోవద్దు. మీ అమ్మమ్మనయితే అసలు వద్దు.’’

‘‘నెల ఎందుకు తాతయ్యా? మూడు రోజుల్లో వచ్చేస్తుంది చూడు.’’

‘‘నాకు మూడు వారాలకి కూడా రాలేదురా.’’

అమ్మ గ్లాసులోకి టీ వంపుతున్నదల్లా ఆగింది.

నాన్న బండి వైపు చూస్తూ చెప్పాడు. ‘‘గేదె దూరంగానే ఉంది. కాలవ గట్టెక్కి రోడ్డు మీదికి వస్తోంది. నేను చూశాను. మూడో గేరులో ఉన్నాను. బ్రేకు తొక్కాను... అనుకున్నాను. ఎడమ కాలితో తొక్కాను. బుల్లెట్‌కు బ్రేకు అక్కడే కదా. చెయ్యి క్లచ్ పట్టేసింది. కాలి కింద గేరు టక్కుమని నాలుగో దానికి పోయింది. ఆగాల్సిన బండి వదిలేసినట్టు దొర్లుకుంటూ పోయింది. బ్రేకు పడట్లేదనుకుని ఇంకా గట్టిగా తొక్కాను, అదే కాలితో. కుడి కాలు ఒకటుందని గుర్తొచ్చేసరికి మార్జిను మీద కంకరలోకి దిగాం.’’

ఎవరం మాట్లాడలేదు.

‘‘గేదె తప్పేమీ లేదు. అది దాని దారిన పోతోంది’’ అన్నాడు మళ్లీ. ‘‘నా ఎడమ కాలు చేసిన పని రేపు నీ ఎడమ చెయ్యి చేస్తుందిరా. బుర్రకు తెలిస్తే చాలదు. భయపడ్డప్పుడు బుర్రను అడిగేదెవరు? పాత అలవాటే ముందు పనిచేస్తుంది. కొత్తది పాతదాన్ని దాటిందాకా ఆగాలి. నేను ఆగలేదు.’’

అప్పుడు అమ్మ వైపు చూశాడు. ‘‘నీకీమాట చెప్పాల్సింది...’’

అమ్మ టీ గ్లాసు ఆయన చేతికిచ్చింది. ‘‘నాకు తెలుసండీ. వెనక కూర్చున్నదాన్ని, మీ ఎడమ కాలు లేవడం, పడటం కనిపించదా? బుల్లెట్ మీద పందొమ్మిదేళ్లు చూశాను మీరు ఏ కాలితో ఆపేవాళ్లో.’’

‘‘మరి ఎప్పుడూ అనలేదే!’’

‘‘మీరే చెబుతారని చూశా. కొన్నాళ్లు కోపంగానే ఉండేది. మిషను కనిపించినప్పుడల్లా వచ్చేది. చెయ్యి విరిగినందుకు కాదు, ఊరంతా గేదె గేదె అంటుంటే మీరూ అదే అన్నందుకు. తర్వాత పోయిందిలెండి.’’

నాన్న టీ తాగలేదు. గ్లాసు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. మావాడు లేచి వెళ్లి, ఎవరూ చెప్పకుండానే బండెక్కి, కళ్లు మూసుకుని కుడి చెయ్యి, కుడి కాలు కలిపి నొక్కడం మొదలుపెట్టాడు.

మన ఇళ్లలో ఇప్పుడు బండి ఒకటి కాదు. నాన్నకో మోటారుసైకిల్, అమ్మకో స్కూటీ, అబ్బాయికి ఇంకోటి. తాళాలన్నీ ఒకే మేకుకు వేలాడుతుంటాయి. ఎవరికి ఏది అందితే అది తీసుకుపోతుంటారు. 2019 ఏప్రిల్ నుంచి అమ్మే కొత్త బండ్లలో 125 సీసీ దాకా ఉన్నవాటికి రెండు చక్రాల బ్రేకులూ కలిసి పడే ఏర్పాటు, అంతకంటే పెద్దవాటికి ఏబీఎస్ తప్పనిసరి చేశారు. మంచిదే. కానీ ఆ బ్రేకు పడాలన్నా ముందు చెయ్యో కాలో సరైన చోటుకు వెళ్లాలి కదా! పక్కింటి కుర్రాడు ‘అంకుల్, బండి ఒకసారి ఇస్తారా’ అంటే, లైసెన్సుందా అని అడుగుతాం. రోజూ నడిపేది ఏ బండి అని కూడా అడిగితే బాగుంటుంది.

సెలవులయ్యాక మావాడు వెళ్లిపోయాడు. అప్పటికి నెల నిండలేదు కాబట్టి కోటప్పకొండ ప్రయాణం దసరాకు వాయిదా పడింది. ఈలోపు ఒక ఆదివారం నేను ఊరెళితే వసారాలో బండి లేదు. అమ్మ కూడా ఇంట్లో లేదు.

పక్కింటావిడ చెప్పింది. ‘‘ఇద్దరూ సంతకు పోయారు. మీ నాన్న నడక కన్నా మెల్లగా పోతున్నాడులే, కంగారుపడబాకు!’’